గుడ్డ తయారుచేసే చేతికి ప్లాస్టిక్ కవరెందుకు?

(పరదరామిలో కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా జీతం, కరువుభత్యం, బోనసు, పి.ఎఫ్., షిఫ్టుల సంగతి మాట్లాడుకుంటాం. ఈసారి ప్లాస్టిక్ గురించి అని నోటీసు బోర్డులో రాయగానే కొందరు నవ్వినారు. "ఇది బడిపిల్లల వ్యాసరచన పోటీ విషయం కదన్నా, యూనియన్‌కు ఏం పని?" అని అడిగినారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పిన తరువాతే ముందుకు పోతాను.

యూనియన్‌కు రెండు పనులున్నాయి. ఒకటి కార్మికుని ఒంటిని కాపాడడం. రెండవది కార్మికుని పనిని కాపాడడం. ఇంట్లోకి వచ్చిపడుతున్న ప్లాస్టిక్ ఈ రెండింటినీ దెబ్బ తీస్తున్నది. ఒంటిని ఎట్లా దెబ్బ తీస్తుందో ఆడవాళ్ళకు కొంత తెలుసు. పనిని ఎట్లా తీస్తుందో మాత్రం గుడ్డ తయారుచేసే మనమే సరిగా ఆలోచించలేదు. కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

సంచి ఎవరిది?

మన పెద్దవాళ్ళు సంతకు పోయేటప్పుడు చేతిలో గుడ్డసంచి ఉండేది. నూనెకు సీసా, మాంసానికి గిన్నె, పప్పు ఉప్పులకు సంచి. పెళ్ళికి పోతే తాంబూలం, కొబ్బరికాయ పెట్టి పసుపు సంచి ఇచ్చేవాళ్ళు. సంచి మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి పేర్లు అచ్చు వేసి ఉండేవి. ఆ సంచి రంగు వెలిసి, చెవులు తెగేదాకా ఇంట్లో తిరిగేది. తెగినాక కూడా పొయ్యి దగ్గర మసిగుడ్డగా పనికి వచ్చేది.

ఆ సంచి వెనుక ఎంతమంది ఉన్నారో లెక్కవేయండి. పత్తి పండించిన రైతు, దూది ఏకిన మనిషి, నూలు వడికిన మిల్లు కార్మికుడు, మగ్గం మీద నేసిన నేతగాడు, రంగు వేసినవాడు, కుట్టిన దర్జీ. ఇంటికి ఒక్క సంచి చొప్పున గుడియాత్తం తాలూకా మొత్తానికి ఎన్ని సంచులు కావాలి? ఆ గుడ్డంతా ఎవరో ఒకరు నేసిందే కదా. గుడియాత్తం లుంగీ పేరు చెబితే చాలు, నేతపని తెలిసినవాళ్ళు మన ప్రాంతాన్ని గుర్తుపడతారు. అట్లాంటి ఊళ్ళ మధ్య ఉంటూ మనం ఉల్లిగడ్డలు మోసుకొచ్చేది పెట్రోలియం సరుకులో.

ఈ చేతిపిడి ఉన్న ప్లాస్టిక్ సంచి పుట్టి ఎంతో కాలం కాలేదు. స్వీడన్ దేశంలో సెల్లోప్లాస్ట్ అనే కంపెనీ 1965లో దానికి పేటెంటు పుచ్చుకున్నది. అంటే ఈ హాలులో కూర్చున్న కొందరు పెద్దలకంటే ఆ సంచి చిన్నది. అంత కొద్దికాలంలో అది వేల ఏండ్ల గుడ్డసంచిని సంతలోనుంచి తరిమేసింది. తేలిక అని, ఊరికే ఇస్తారని మనం చేయి చాపినాం. అంగడివాడు ఏదీ ఊరికే ఇవ్వడు మిత్రులారా. కవరు ధర సరుకు ధరలోనే కలిసి ఉంటుంది. మనకు రశీదు మాత్రం రాదు.

ఇట్లాంటి దెబ్బ జూట్ మిల్లు కార్మికులు కూడా తిన్నారు. నెల్లిమర్ల, ఏలూరు, గుంటూరు జూట్ మిల్లుల పేర్లు మీరు విన్నవే. ప్లాస్టిక్ గోతాలు మార్కెట్‌లోకి దిగేసరికి గోనెసంచికి గిరాకీ తగ్గింది. అప్పుడు 1987లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది. ఆహారధాన్యాలు, చక్కెర వంటి సరుకులను ప్రభుత్వం చెప్పిన మేరకు గోనెసంచులలోనే నింపాలన్నది. ఆ చట్టంతో జూట్ కార్మికుల కష్టాలన్నీ తీరలేదు. అయినా ఒక సంగతి రుజువైంది. సంచి దేనితో తయారు కావాలి అనేది కూలి సమస్యే. అది యూనియన్ మాట్లాడవలసిన విషయమే.

చట్టం ఉన్నది, కవరూ ఉన్నది

"ప్లాస్టిక్‌ను ప్రభుత్వమే నిషేధించింది కదా" అని మీరు అనవచ్చు. ఆ చరిత్ర కూడా క్లుప్తంగా చెబుతాను. మిల్లులో మనం నూలును కౌంటుతో కొలుస్తాం. ప్లాస్టిక్ కవరు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. వెయ్యి మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. 1999లో కేంద్రం చేసిన నియమాలలో కొత్త ప్లాస్టిక్ సంచికి కనీస మందం 20 మైక్రాన్లు. 2011లో దానిని 40 చేసినారు. 2016లో 50 అయింది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందం పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే ఊరికే ఇవ్వడం తగ్గుతుంది అనేది వాళ్ళ లెక్క. పలుచటి కవరు గాలికి లేచిపోతుంది, దాన్ని ఏరి అమ్మినా కాసులు రాలవు కనుక చెత్త ఏరేవాడు కూడా ముట్టుకోడు. మందం కవరైతే ఏరుతాడు.

తమిళనాడు ప్రభుత్వం ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2019 జనవరి 1 నుంచి 14 రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. మందం ఎంతైనా సరే చేతిసంచి కూడదన్నది. టీ కప్పులు, ప్లాస్టిక్ పూత వేసిన పేపరు కప్పులు, థర్మోకోల్ తట్టలు, నీళ్ళ పాకెట్లు, స్ట్రాలు, భోజనాల బల్ల మీద పరిచే షీట్లు, ప్లాస్టిక్ జెండాలు, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 2021 డిసెంబరు 23న ముఖ్యమంత్రి స్టాలిన్ 'మీండుం మంజప్పై', అంటే 'మళ్ళీ పసుపు సంచి' అనే ఉద్యమం ప్రారంభించినారు. 2022 జూన్‌లో చెన్నై కోయంబేడు మార్కెట్‌లో పది రూపాయలు వేస్తే పసుపు సంచి బయటికి వచ్చే యంత్రం పెట్టినారు. ఆ సంవత్సరం జూలై 1 నుంచి కేంద్రం కూడా ఒకసారి వాడి పారేసే వస్తువులు కొన్నింటిని దేశమంతటా నిషేధించింది.

ఇంత జరిగినా సంతలో ఒక చుట్టు తిరగండి, కవరు కనపడుతుంది. తనిఖీ అధికారి వచ్చిన రోజు తట్టలో పూలు అమ్మే ముసలమ్మకు జరిమానా పడుతుంది. కవర్లు టన్నుల లెక్కన తయారుచేసేవాడి గేటు దాకా మాత్రం చేయి పోదు. మన యూనియన్ ఎప్పుడూ ఆ ముసలమ్మ పక్కనే నిలబడాలి. అయితే చట్టం అమలు కాలేదు కనుక మనం కూడా ఊరుకుంటామంటే కుదరదు. ఎనిమిది గంటల పని చట్టమైనా కార్మికుడు పట్టుబట్టినచోటే అమలైంది.

వేడి తగిలే చోట

ఇప్పుడు ఒంటి సంగతి. ప్లాస్టిక్ అంతా ఒకటే విషమని నేను చెప్పను. అట్లా చెబితే మీరు నమ్మరు, నమ్మనూ కూడదు. ఆసుపత్రిలో సెలైన్ సంచి ప్లాస్టిక్కే, కరెంటు తీగ పైతొడుగు ప్లాస్టిక్కే. వాటితో మనకు పేచీ లేదు. మూడు చోట్ల మాత్రం ప్రమాదం ఎక్కువ. వేడి తగిలే చోట, మంట తగిలే చోట, నలిగి పొడి అయ్యే చోట.

మొదటిది వేడి. రాత్రి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు హోటల్లో పొగలు కక్కే సాంబారు పలుచటి కవరులో పోయించుకుని, రబ్బరుబ్యాండు వేసి తెస్తాం. పది మందికి టీ కావాలంటే కవరులో పట్టించి, కప్పులలో పంచుతాం. ప్లాస్టిక్ మెత్తగా, గట్టిగా, రంగుగా ఉండడానికి రకరకాల రసాయనాలు కలుపుతారు. వేడి, నూనె, పులుపు, ఈ మూడూ తగిలినప్పుడు ఆ రసాయనాలు తిండిలోకి ఎక్కువగా దిగుతాయి. మన సాంబారులో మూడూ ఉన్నాయి. బిస్ఫినాల్-ఏ అనే రసాయనం మనిషి ఒంట్లోని హార్మోన్ల పనికి అడ్డుపడుతుంది. అందుకే ఐరోపా దేశాలు 2011లోనే చంటిపిల్లల పాలసీసాలలో దానిని నిషేధించినాయి. 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే ఇతర వస్తువులకు కూడా నిషేధాన్ని విస్తరించినాయి.

"నేను కవరులో తాగను, పేపరు కప్పులో తాగుతాను" అనే తమ్ముళ్ళున్నారు. పేపరు కప్పులో టీ కారిపోకుండా లోపల ప్లాస్టిక్ పొర వేస్తారు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వాళ్ళు 2020లో ఒక పరీక్ష చేసి ఫలితం ప్రకటించినారు. కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు 15 నిముషాలు ఉంచితే సుమారు 25 వేల సన్నటి ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలోకి దిగినాయి. రోజుకు మూడు టీలంటే 75 వేలు. షిఫ్టుకు మనం ఎన్ని తాగుతామో మీకు తెలుసు. స్టీలు గ్లాసులో ఈ గొడవ లేదు. కడుక్కోవడమే పని.

సీసా నీళ్ళ సంగతి కూడా వినండి. 2024 జనవరిలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అక్కడి అంగళ్ళలో దొరికే నీళ్ళ సీసాలను పరీక్షించినారు. లీటరుకు సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ రేణువులు కనపడినాయి. వాటిలో చాలా భాగం మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నవి. అందుకే కొన్న సీసాను ఎండలో పెట్టి, నలిగేదాకా నెలలతరబడి నింపుకుని తాగడం మంచిది కాదు.

రెండవది మంట. ఇది మన ఇళ్ళలో అందరికంటే ఆడవాళ్ళను, పసిపిల్లలను బాధించే విషయం. కట్టెలు తడిగా ఉంటే పొయ్యి అంటించడానికి పాల కవరో, నూనె పాకెట్టో కింద పెడతాం. భగ్గున అంటుకుంటుంది. ఆ పొగ నేరుగా పొయ్యి ముందు కూర్చున్న అమ్మ ముక్కులోకి, ఆమె ఒళ్ళో ఉన్న బిడ్డ ముక్కులోకి పోతుంది. పి.వి.సి. వంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. ఇవి ఒంటిలోని కొవ్వులో చేరి ఏండ్ల తరబడి ఉంటాయి, క్యాన్సరుకు దారితీస్తాయి. ఏ కవరు పి.వి.సి.యో, ఏది కాదో పొయ్యి ముందు కూర్చున్న మనిషికి ఎట్లా తెలుస్తుంది? కనుక ఏదీ కాల్చకూడదు. వీధి చివర చెత్తకుప్పకు నిప్పు పెట్టడం కూడా ఇదే. బహిరంగంగా చెత్త తగలబెట్టకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటికీ ఆదేశం ఇచ్చింది, జరిమానా కూడా పెట్టింది.

మూడవది పొడి. ఇది మనకు ఇంకెవరికంటే బాగా అర్థమవుతుంది. బ్లోరూములో, కార్డింగులో పని చేసినవాళ్ళకు పత్తి దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో పుస్తకం చదివి తెలుసుకునే పని లేదు. ఆదివారం సెలవు తరువాత సోమవారం డ్యూటీ ఎక్కగానే గుండె పట్టేసినట్టు ఉండే బిస్సినోసిస్ జబ్బు మన జబ్బు. నైలాన్ పొడి కూడా ఊరుకోదు. నైలాన్ నారను సన్నగా తుంచి గుడ్డకు అంటించే ఫ్యాక్టరీలలో పనిచేసిన అమెరికా కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందని 1998లో అక్కడి డాక్టర్లు రాసినారు. ఆ జబ్బుకు ఆ పనివాళ్ళ పేరే పెట్టినారు. ప్లాస్టిక్ పొడి ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుందని ముందుగా తన ఒంటితో రుజువు చేసినవాడు కార్మికుడే.

ఇప్పుడు ఆ పొడి ఊళ్ళోవాళ్ళ ఒంట్లో కూడా కనపడుతున్నది. 2024 మార్చిలో ఇటలీ డాక్టర్లు ఒక పరిశోధన ప్రకటించినారు. మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకున్న 257 మందిని వాళ్ళు గమనించినారు. 150 మంది కొవ్వుపొరలో పాలిథిన్ రేణువులు దొరికినాయి. ప్లాస్టిక్ దొరికినవాళ్ళలో తరువాతి మూడేండ్ల లోపల గుండెపోటు, పక్షవాతం, మరణం, వీటి ప్రమాదం మిగతావాళ్ళకంటే నాలుగున్నర రెట్లు ఎక్కువగా ఉన్నది. ప్లాస్టిక్ వల్లనే వచ్చిందని అది తేల్చి చెప్పలేదు, రెండూ కలిసి కనపడినాయని చెప్పింది. కానీ జాగ్రత్తపడడానికి ఆ మాత్రం చాలదా?

ఏరు, పశువు

మన కౌండిన్య నది పలమనేరు వైపు కొండలలో నుంచి దిగి, మోర్ధానా ఆనకట్ట దాటి, గుడియాత్తం మధ్యగా పోయి పాలారులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనపడుతుంది కనుక దానిని చెత్తకుప్ప అనుకునేవాళ్ళున్నారు. 2021 నవంబరు వానలకు అదే ఏరు పొంగి, ఒడ్డున ఉన్న పేదల ఇళ్ళలోకి వచ్చింది. కాలువ గొంతులో కవరు అడ్డుపడితే నీళ్ళు వెనక్కి తిరిగి ముందుగా లోతట్టులో ఉన్న పేదవాడి గుమ్మంలోకే వస్తాయి. బంగ్లాదేశ్‌లో 1988, 1998 వరదలకు మురుగుకాలువలలో పేరుకున్న పాలిథిన్ సంచులు కూడా కారణమని తేలినాక, 2002లో ఆ దేశం పలుచటి పాలిథిన్ సంచులను నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. అది ధనిక దేశం కాదు, మనవంటి గుడ్డపనివాళ్ళ దేశం.

పశువుల సంగతి మన తెలుగు నేల మీదనే ఉన్నది. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే సంస్థవాళ్ళు వీధి ఆవులకు పొట్ట కోసి చూస్తే ఒక్కొక్క ఆవు కడుపులో పదుల కిలోల ప్లాస్టిక్ గట్టిపడి ఉన్నది. వాళ్ళు 2012లో సుప్రీంకోర్టుకు పోయినారు. ఎంగిలి అన్నం, కూరగాయల తొక్కు కవరులో పెట్టి ముడివేసి విసిరితే, ఆవుకు ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒళ్ళు చిక్కిపోతుంది. మనలో చాలామంది ఇళ్ళలో మిల్లు జీతం సగం, పాల డబ్బు సగం. ఆవు పోతే ఆ ఇంటి అప్పు ఎవరు తీరుస్తారు?

కలుషితం చేసినవాడే నష్టం కట్టాలి అనే న్యాయం మనకు కొత్త కాదు. పాలారులోకి తోలు ఫ్యాక్టరీల మురుగు వదలడం మీద వేలూరు పౌరుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. ఆ న్యాయాన్ని దేశంలో స్థిరపరచిన పెద్ద తీర్పులలో అది ఒకటి. దేశమంతా లా కాలేజీలలో చదువుకునే తీర్పు మన జిల్లా నుంచి పోయింది. ప్లాస్టిక్ విషయంలోనూ అదే న్యాయం. పాకెట్టు తయారుచేసి అమ్మిన కంపెనీయే దానిని తిరిగి తీసుకునే బాధ్యత వహించాలని 2016 నియమాలలో ఉన్నది, 2022లో దానికి వివరమైన మార్గదర్శకాలు వచ్చినాయి. ఆ బాధ్యతను అడిగి రాబట్టవలసింది మనమే.

మన మిల్లులో పాలియెస్టర్ నడుస్తున్నది కదా?

ఇది మీరందరూ మనసులో పెట్టుకున్న ప్రశ్న. నీళ్ళ సీసా, పాలియెస్టర్ నూలు ఒకే పదార్థం. 1941లో ఇంగ్లండులో మాంచెస్టరు నగరపు గుడ్డ అద్దకపు కంపెనీలో పనిచేసే విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు దానిని కనిపెట్టినారు. ముందు నార అయింది, తరువాత సీసా అయింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే నారలో సగానికి పైగా పాలియెస్టరే. "ప్లాస్టిక్ వద్దంటే మన అన్నంలో మనమే మన్ను పోసుకున్నట్టు కాదా అన్నా?" అని అడిగితే దాచకుండా జవాబు చెప్పాలి.

మిల్లు మూయమని ఈ యూనియన్ ఎప్పుడూ అడగదు. అయిదేండ్లు తొడిగే చొక్కా, పది నిముషాలు మోసి పారేసే కవరు, రెండూ ఒక్కటి కావు. మన పోరు ముందు ఆ పది నిముషాల సరుకుతో. ఇక పాలియెస్టర్ నడిచే చోట మనం అడగవలసింది వేరు. దుమ్ము లాగే ఎగ్జాస్టు సరిగా పనిచేయాలి, మాస్కు మంచిది ఇవ్వాలి, ఏడాదికొకసారి ఊపిరితిత్తుల పరీక్ష చేయించి ఆ కాగితం కార్మికుని చేతికి ఇవ్వాలి. ఇంకొక మాట. కవరు స్థానంలో గుడ్డసంచి వస్తే మనకు పని తగ్గదు, పెరుగుతుంది. ప్రభుత్వం పంచే పసుపు సంచుల గుడ్డను నేత సహకార సంఘాల నుంచి, మన ప్రాంతపు మగ్గాల నుంచి కొనాలని మనం అడగాలి.

నకిలీ గుడ్డసంచి

ఇక్కడ మనల్ని మోసం చేస్తున్న సంచి ఒకటున్నది. జవుళి అంగళ్ళలో, మందుల షాపులలో రంగురంగుల సంచి ఇస్తారు. చూడడానికి గుడ్డలాగే ఉంటుంది. చేతితో తడిమి చూడండి, పడుగు లేదు, పేక లేదు. పాలీప్రొపిలిన్ నారను వేడితో అతికించిన షీటు అది. నేయని గుడ్డ అంటారు. తమిళనాడు నిషేధించిన 14 వస్తువులలో ఆ సంచి కూడా ఉన్నది. నాలుగు నెలలు ఎండలో ఉంటే పొడిపొడిగా రాలిపోతుంది.

ఊళ్ళోవాళ్ళు మోసపోవచ్చు, గుడ్డపనివాడు మోసపోకూడదు. మన పాత పరీక్ష ఉండనే ఉన్నది. ఒక్క పోగు లాగి, గాలి ఆడే చోట అగ్గిపుల్ల చూపించండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే బూడిద రాలుతుంది. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని, కరిగి, గట్టి పూస కడుతుంది. ఈ పరీక్ష మీ పిల్లలకు, మీ వీధిలోవాళ్ళకు నేర్పండి. ఒక్క పోగు చాలు, సంచి తగలబెట్టవద్దు.

గుడ్డసంచి కూడా ఊరికే రాదు. పత్తికి నీళ్ళు కావాలి, మందులు కొట్టాలి, మిల్లుకు కరెంటు కావాలి. ఇంట్లో ఇరవై గుడ్డసంచులు పోగుచేసి బీరువాలో పెట్టుకుంటే భూమికి మేలు జరగదు. రెండు మూడు సంచులు చాలు, చిరిగేదాకా వాడాలి. పాత లుంగీ, పాత చీర, కట్‌పీసు ముక్కలు, ఏదైనా సరే. మిషను తొక్కే అక్కలు మన సంఘంలోనే ఎంతోమంది ఉన్నారు.

ఇంట్లో చేయవలసింది

ఒక్కరోజులో అన్నీ మానమని చెప్పను. డబ్బు ఖర్చు కానివి, ఒంటికి ఎక్కువ మేలు చేసేవి ముందు చేద్దాం.

ఒకటి. పొయ్యిలో, వీధిలో ప్లాస్టిక్ కాల్చడం ఈరోజే మానేద్దాం. అంటించడానికి కొబ్బరి పీచు, ఎండు మట్టలు, కాగితం ఉన్నాయి.

రెండు. వేడిది ఏదీ కవరులో తేవద్దు. హోటలుకు పోయేటప్పుడు టిఫిన్ క్యారియరో, మూత ఉన్న గిన్నెనో తీసుకుపోదాం. టీకి ఫ్లాస్కు, స్టీలు గ్లాసులు.

మూడు. చంటిబిడ్డ పాలు ప్లాస్టిక్ సీసాలో కాచవద్దు, వేడి చేయవద్దు. ఉగ్గుగిన్నె, చెంచా మన అమ్మమ్మలకు తెలిసిన దారే.

నాలుగు. ఊరగాయ, చింతపండు, నూనె, ఉప్పు, ఇవి జాడీలో, గాజుసీసాలో, స్టీలు డబ్బాలో పెట్టుకుందాం. ఐస్‌క్రీము డబ్బా, పెయింటు బకెట్టు తిండి సరుకుకు కావు. డబ్బా అడుగున మూడు బాణాల ముక్కోణంలో అంకె ఉంటుంది. 3 అంటే పి.వి.సి., 6 అంటే థర్మోకోల్ జాతి. ఈ రెండూ వంటింట్లో వద్దు.

అయిదు. సైకిలుకు, బండికి ఒక గుడ్డసంచి ఎప్పుడూ తగిలించి ఉంచుదాం. సంచి ఇంట్లో మరిచిపోవడమే కవరుకు పుట్టినిల్లు.

ఆరు. పాల పాకెట్టు మనం మానలేం. మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంచకుండా వదిలితే అది కాలువలోకి పోదు. పాకెట్టు కడిగి, ఆరబెట్టి, పోగుచేసి పాతసామాన్లవాడికి వేద్దాం. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు పెడితే చెత్త సరుకవుతుందని వేలూరు శ్రీనివాసన్‌గారు మన జిల్లా ఊళ్ళలో చేసి చూపించినారు. 2014లో ఆమిర్‌ఖాన్ టీవీ కార్యక్రమంలో దేశమంతా ఆ పని చూసింది.

ఏడు. ముడివేసిన కవరులో అన్నం, తొక్కు విసరవద్దు. తొక్కు ఆవు ముందు వట్టిగా పెట్టండి.

ఇవన్నీ ఆడవాళ్ళ నెత్తిన వేసి మగవాళ్ళు చేతులు దులుపుకోవద్దు. కవరు ఇంట్లోకి తెచ్చేది ఎక్కువగా మనమే, సాయంత్రం అంగడికి వట్టి చేతులతో పోయేది మనమే. క్యారియరు కడిగే పని కూడా పంచుకుందాం.

యూనియన్ చేయవలసింది

ఇంటి పని ఇంట్లో, గేటు పని గేటులో. యాజమాన్యం ముందు పెట్టవలసిన కోర్కెలు ఇవి. క్యాంటీనులో టీకి స్టీలు గ్లాసులే ఉండాలి, కడగడానికి మనిషిని పెట్టాలి. డిపార్టుమెంటులో శుభ్రమైన తాగునీళ్ళు ఉండాలి. తాగునీరు ఇవ్వడం యాజమాన్యం బాధ్యత అని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసినారు, అది దయాధర్మం కాదు. దీపావళికి ఇచ్చే మిఠాయి, బహుమతి గుడ్డసంచిలో ఇవ్వాలి.

పంచాయతీని కూడా అడగాలి. పొడి చెత్త వేరుగా తీసుకుపోయే బండి అన్ని వీధులకూ రావాలి, కూలివాళ్ళు ఉండే వీధులకు కూడా. చెత్త ఏరే కార్మికునికి చేతితొడుగులు, బూట్లు, సరైన కూలి ఇవ్వాలి. వాళ్ళు కూడా కార్మికులే, వాళ్ళ కోసం మాట్లాడడం మన ధర్మం.

ఇంకొకటి మన చేతిలోనే ఉన్నది. మేడే ఊరేగింపులో, ధర్నాలో మన జెండా గుడ్డదే కావాలి, బ్యానరు గుడ్డ మీద రాసిందే కావాలి. గుడ్డ కార్మికుల జెండా ప్లాస్టిక్ అయితే చూసేవాడు నవ్వుతాడు. పైగా ప్లాస్టిక్ జెండా నిషేధించిన వస్తువు. సభలో భోజనాలు విస్తరాకులోనో, అరటాకులోనో పెడదాం. తిరుమలకు పోయినవాళ్ళు చూసే ఉంటారు, 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్ నిషేధాన్ని గట్టిగా అమలు చేసినారు. రోజుకు వేలాది మంది వచ్చే కొండ మీద చేయగలిగిన పని రెండు వందల మంది సభలో మనం చేయలేమా?

మిత్రులారా, కవరు తయారుచేసేవాడి దగ్గర పెట్టుబడి ఉన్నది, యంత్రం ఉన్నది. మన దగ్గర ఉన్నది చేతులు. ఆ చేతులు దేనిని మోయాలో, దేనిని మోయకూడదో నిర్ణయించుకునే హక్కు మనది. రేపు సంతరోజు. మన సంఘం సభ్యులు, వాళ్ళ ఇంటివాళ్ళు గుడ్డసంచితోనే రావాలని ఈ సభ తీర్మానం చేయాలని ప్రతిపాదిస్తున్నాను. అంగడివాడు కవరు చాపితే గొడవ పడవద్దు, "వద్దన్నా, మా గుడ్డ మాకున్నది" అని సంచి తెరిచి చూపించండి. వంద మంది ఆ మాట అంటే కవరు కట్ట విప్పకుండానే ఉంటుంది.

తీర్మానానికి అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి. చేతులెత్తినవాళ్ళు రేపు ఆ చేతిలో సంచి పట్టుకుని రండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.